పన్నెండు అని రాసి ఉన్న పుల్లీ: శ్రీ సిద్దిరాములు గారి పదవీ విరమణ సందర్భంగా

1956వ సంవత్సరం నవంబరు 12వ తేదీ, సోమవారం ఉదయం, కొత్త రాష్ట్రం ఏర్పడి ఇంకా రెండు వారాలైనా నిండని రోజుల్లో, ధర్పల్లి వాస్తవ్యులు శ్రీ సిద్దిరాములు గారు బోధన్ నుంచి రుద్రూరు వెళ్లే దారిలో కొత్తగా వెలసిన మన మంజీర ఖండసారి చక్కెర కర్మాగారంలో ఫిట్టరుగా చేరారు. పద్దెనిమిదిన్నర సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం, 1975 మే 31న, హెడ్ ఫిట్టరు హోదాలో వారు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ వారు ఒక్కనాడైనా ఆలస్యంగా వచ్చినట్టు హాజరు పుస్తకంలో లేదు.

ఈ అభినందన వ్యాసం రాసే బాధ్యతను మన కర్మాగార సంచిక సంఘం వారు జనరల్ మేనేజరు బాపురావుకు అప్పగించారు. ఇటువంటి వ్యాసాలు రాయడంలో బాపురావు చెయ్యి తిరిగినవాడే. ఎవరు విరమించినా 'నిరాడంబరులు, మితభాషులు, క్రమశిక్షణకు మారుపేరు' అనే మూడు మాటలను అటుదిటు, ఇటుదటు మార్చి, సంతకం పెట్టి పంపేస్తుంటాడు. ఈసారి కూడా అదే పద్ధతిలో పని కానిద్దామని, తేదీల కోసం సిద్దిరాములు గారి సర్వీసు ఫైలు తెప్పించుకున్నాడు. అందులో 1964 జనవరి నాటి కాగితం ఒకటి కనిపించింది. దానిని అడిగి రాయించుకున్నది బాపురావే. కింద 'చూశాను' అని సంతకం పెట్టిందీ బాపురావే. కానీ పదకొండేళ్లలో ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. మొన్న చదివాడు. చదివి, ఎప్పటి మూడు మాటలనూ పక్కన పెట్టేశాడు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ బాపురావే కనుక, పాఠకులు ఇందులో తేదీలతో పాటు మరికొంత కూడా భరించవలసి ఉంటుంది.

సిద్దిరాములు గారు ఉర్దూలో నాలుగో జమాత్ వరకు చదివి, తెలుగు రాయడం సొంతంగా నేర్చుకుని, పిదప నిజామాబాదు పట్నంలోని ఒక పసుపు మిల్లులో పదిహేనేళ్లు పనిచేశారు. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెడతారని మన జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. డ్రమ్ము మరీ మెల్లగా తిరిగితే కొమ్ముకు నిగ్గు రాదు, మరీ జోరుగా తిరిగితే కొమ్ములు ముక్కలై రైతు లబోదిబోమంటాడు. ఆ రెంటికీ మధ్య వేగం ఎక్కడుందో కనిపెట్టి, ఇంజనుకు ఎంత పుల్లీ ఉండాలో, డ్రమ్ముకు ఎంత పుల్లీ ఉండాలో తేల్చే విద్య వారికి అక్కడ అబ్బింది. నడిపే పుల్లీ కొలతను దాని చుట్లతో హెచ్చించి, నడిచే పుల్లీ కొలతతో భాగిస్తే నడిచే యంత్రం వేగం వస్తుందని బాపురావు వంటి వారు కళాశాలలో నేర్చుకున్నారు. సిద్దిరాములు గారు అదే సంగతిని ఎంతోమంది కొత్త ఫిట్టర్లకు ఇలా చెప్పేవారు: "పెద్దది చిన్నదాన్ని ఉరికిస్తది, చిన్నది పెద్దదాన్ని నడిపిస్తది. గింతే లెక్క. ఎంత ఉరకాల్నో మిషనే చెప్తది, ఇనాలె."

కొలతలంటే వారికి ఎంత ప్రాణమో వారి ధర్మపత్ని శ్రీమతి ఈరవ్వ గారు ఒక్క మాటలో చెప్పారు: "మా ఇంట్ల జొన్నరొట్టె గూడ సూత్‌తోని కొలుస్తడు సారు. ఓ దిక్కు మందం అయ్యిందంటె పళ్లెంల ఎత్తి సూపిస్తడు." సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మన వర్క్‌షాపులో సిద్దిరాములు గారి నోట అంగుళం మాట కంటే సూత్ మాటే ఎక్కువగా వినిపించేది.

ఇక కథలోకి వద్దాం. మన కర్మాగారంలో వండిన పాకాన్ని చిల్లుల ఇనుప బుట్టలో పోసి గిర్రున తిప్పితే, మడ్డి చిల్లుల గుండా బయటికి చిమ్మి, చక్కెర బుట్ట గోడకు తెల్లగా అంటుకుని మిగులుతుంది. కార్మికులు ఆ యంత్రాన్నే 'బుట్ట' అంటారు. ఆ రోజుల్లో విద్యుత్ మోటార్లు లేవు. ఆయిలింజను పైనున్న పొడవాటి షాఫ్టును తిప్పేది. షాఫ్టు మీది పుల్లీ నుంచి బెల్టు దిగి బుట్టను తిప్పేది. షాఫ్టు నిమిషానికి ఏడు వందల చుట్లు. దాని మీది పుల్లీ అడ్డకొలత పన్నెండు అంగుళాలు. బుట్ట కింది పుల్లీ ఎనిమిది అంగుళాలు. లెక్క కట్టుకుంటే బుట్టకు వెయ్యిన్నీ యాభై చుట్లు. యంత్రానికి బిగించిన ఇత్తడి పలక మీద 'పదకొండు వందల చుట్లు మించరాదు' అని చెక్కి ఉంది. అంతా సవ్యంగా, శాస్త్రోక్తంగా ఉంది.

కానీ ప్రారంభోత్సవం నాడే, పెద్దలందరూ పూలదండలతో నిలబడి చూస్తుండగా, బెల్టు జారిపోయింది. పాకం ఆవిరికి ఇనుప పుల్లీ చెమ్మగిల్లి, బెల్టుకు పట్టు దొరకలేదు. అందరి ముఖాలూ మాడిపోయిన వేళ సిద్దిరాములు గారు ఒక గోనె పట్టీని మడ్డిలో ముంచి, షాఫ్టు పుల్లీ చుట్టూ ఒక వరుస బిగించి చుట్టి, మళ్లీ బెల్టు ఎక్కించారు. బెల్టు జలగలా పట్టుకుంది. చప్పట్లు మోగాయి. చేరిన తొలి వారంలోనే వారికి పేరొచ్చింది.

ఆ మరుసటి ఏడు దసరాకు యంత్రాలకు పూజ చేసేటప్పుడు, పాత పట్టీ అరిగింది కదా అని సిద్దిరాములు గారు దాని మీదే కొత్త పట్టీ చుట్టి పసుపు కుంకుమలు పెట్టారు. పూజ చేసిన పట్టీని కత్తితో కోసి పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు, రావు కూడా. ఆ తరువాత అది ఆచారమైంది. ఏటేటా దసరా నాడు మడ్డిలో నానిన కొత్త గోనె పట్టీ, దాని మీద పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. మడ్డి ఎండి, బెల్టు రాపిడికి నున్నబడి, ఆ చుట్లన్నీ నల్లగా ఇనుములో ఇనుమైపోయాయి. పుల్లీ పక్క భాగాన తెల్ల రంగుతో '12' అని అంకె రాసి ఉండేది. ఆ రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ పూసేవాళ్లం కూడా.

ఆ బుట్టకు రెండు మహిమలున్నాయని కర్మాగారమంతా చెప్పుకునేది. మిగతా యంత్రాల బెల్టులు సాగి, ఏటా కోసి కుట్టవలసి వస్తుంటే, దీని బెల్టు ఎన్నడూ వదులు కాదు. రెండోది, మొదట్లో ఒక బుట్టెడు చక్కెర ఆరడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. ఏళ్లు గడిచేకొద్దీ ఎనిమిది, ఏడు, చివరికి ఆరు నిమిషాల లోపే ఆరిపోయేది. 'సిద్దిరాములన్న చేతి చలువ' అన్నారు కార్మికులు. 1959లో మేనేజరుగా వచ్చిన బాపురావు కూడా అన్నాడు. డిప్లొమా చదివినవాడు, ఏ యంత్రమూ పాతబడేకొద్దీ దానంతటది జోరందుకోదని తెలిసినవాడు, నెలనెలా పై అధికారులకు పంపే నివేదికలో ఆ ఆరు నిమిషాల సంగతి గర్వంగా రాసుకున్నాడు. మంచి జరుగుతుంటే ఎందుకని అడగాలన్న బుద్ధి మనిషికి పుట్టదేమో.

1964 జనవరిలో రెండో బుట్ట వచ్చింది. అదే తయారీ, అదే పరిమాణం. సిద్దిరాములు గారు నిజామాబాదులో పన్నెండు అంగుళాల కొత్త పుల్లీ పోత పోయించి తెచ్చి, పాతదాని పక్కనే బిగించారు. పాత బుట్ట వారి తమ్ముడు లింబయ్య నడిపేవాడు. కొత్తది కూడా మొదటి రోజు అతనే నడిపి చూశాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. మళ్లీ నడిపారు. మళ్లీ తొమ్మిదే.

బాపురావుకు చిర్రెత్తుకొచ్చింది. బయట చెరకు బళ్లు రుద్రూరు దారి పొడవునా నిలబడి ఉన్నాయి. కొత్త యంత్రం చూస్తే ముసలి ఎద్దులా నడుస్తోంది. "ఏం బిగించినవ్ సిద్దిరాములూ? గిదేనా నీ పనితనం, నీ హున్నర్? పాతది ఆరు నిమిషాలు, కొత్తది తొమ్మిదా! రేపటికల్ల దీని నుక్స్ ఏందో, తప్పు ఎక్కడుందో పట్టుకొని రాకపోతివో, హెడ్ ఫిట్టర్ ముచ్చట మర్చిపో" అని అందరి ముందూ అరిచాడు. ఆ వారమే సిద్దిరాములు గారికి హెడ్ ఫిట్టరుగా పదోన్నతి ఇవ్వాలని యాజమాన్యం అనుకుంటున్నదని అప్పటికే అందరికీ తెలుసు.

సిద్దిరాములు గారు కొత్త పుల్లీని మూడుసార్లు కొలిచారు. పన్నెండు. షాఫ్టు చుట్లు లెక్కించారు. ఏడు వందలు. కింది పుల్లీ ఎనిమిది. ఎక్కడా సూత్ తేడా లేదు. కొత్తదానిలో తప్పు దొరకక, తన కొలతే మర్చిపోయానేమోనన్న అనుమానంతో, ఇంజను కాసేపు నిలిపినప్పుడు నిచ్చెనెక్కి, సుతిలి తాడును పాత పుల్లీ చుట్టూ తిప్పి ముడివేశారు. అదే తాడును కొత్త పుల్లీకి పెట్టి చూశారు. పుల్లీ చుట్టూ పూర్తిగా తిరిగినా, ముడి దాకా ఇంకా జానెడు తాడు మిగిలిపోయింది.

మొదట వారికి అర్థం కాలేదట. రెండు పుల్లీల మీదా పన్నెండు అనే ఉంది. జేబులోని చాకు తీసి పాత పుల్లీ అంచును గీకారు. ఇనుము రాలేదు. నల్లటి గోనె పీచు వచ్చింది. దాని కింద మరో వరుస, దాని కింద ఇంకో వరుస. ఒక్కో వరుస ఒకటిన్నర సూత్ మందం, ప్రారంభోత్సవం నాటిది ఒకటి, ఏడు దసరాలవి ఏడు, మొత్తం ఎనిమిది వరుసలు, చుట్టూ అంగుళన్నర మందం. పన్నెండు అంగుళాల పుల్లీ పదిహేను అంగుళాలై కూర్చుంది. నిచ్చెన మీదే లెక్క కట్టుకుంటే బుట్టకు పదమూడు వందల పైన చుట్లు వచ్చాయి. తప్పు కొత్త యంత్రంలో లేదు. ఏడేళ్లుగా తన చేతులతో, కుంకుమ పెట్టి మరీ, తానే ఆ బుట్టను హద్దు దాటించానని తెలిసిన ఆ క్షణంలో నిచ్చెన కాళ్ల కింద ఉందో లేదో కూడా తెలియలేదని వారు చెప్పారు. దిగి వచ్చేసరికి ఇంజను మళ్లీ నడుస్తోంది, లింబయ్య బుట్ట మీదికి వంగి పాకం పోస్తున్నాడు.

వారు పరుగున మేనేజరు గదికి వచ్చారు. తాడు చూపించి, సంగతంతా చెప్పారు. అప్పుడు బాపురావు ఏం చేశాడో ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. బాపురావు ఎగిరి గంతేశాడు. "షాబాష్! గదన్నమాట కిటుకు! అయితె కొత్తదానికి గూడ పదిహేను అంగుళాలదే పోయిద్దాం" అని, అప్పటికప్పుడే పోత పోసేవాళ్లకు చీటీ రాసి, సంతకం చేసి, సిద్దిరాములు గారి చేతిలో పెట్టాడు.

సిద్దిరాములు గారు ఆ చీటీ వంక, బాపురావు వంక మార్చి మార్చి చూశారు. "సారూ, నేను గిది చెప్పనీకి రాలె. మిషన్ ఆపుండ్రి. పలక మీద పదకొండు నూర్లు రాసి ఉన్నది."

"కంపెనీవాండ్లు భయానికి ఎప్పుడు తక్కువే రాస్తరు. ఇన్నేండ్ల సంది తిరుగుతలేదా?"

"తిరుగుతున్నది సారూ. గదే నాకు బుగులు. జోరు పావు వంతు పెరిగిందంటె బుట్ట గోడ మీద బలం ఒకటిన్నర రెట్లు అయితది. గా బుట్ట పలిగిందంటె చుట్టుపక్కల మనిషి ముక్క గూడ దొరకదు."

ఈ బలం లెక్క బాపురావుకూ తెలుసు. కళాశాలలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. కానీ కిటికీలోంచి చూస్తే చెరకు బళ్లు. "సీజన్ నడుమ ఆపుడా? తమాషానా? దసరాకు సూసుకుందాం. ఇప్పుడే ఆపాల్నంటె, తప్పంత నీదేనని నీ చేత్తోని రాసియ్యి. రాసిచ్చినంక హెడ్ ఫిట్టర్ ఆశ వదులుకో" అన్నాడు. ఆ మాటతో వెనక్కి తగ్గుతారని అనుకున్నాడు. ఎవరైనా తగ్గుతారు.

"రాసిస్త సారూ. ముందుగాల ఆపొస్త" అన్నారు సిద్దిరాములు గారు. అని, ఆ చీటీని బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు.

బాపురావు వెంటపడి వెళ్లేసరికే వారు కర్రతో బెల్టును ఉత్తిగా తిరిగే పక్క పుల్లీ మీదికి తోసేశారు. బుట్ట వేగం మెల్లమెల్లగా తగ్గుతోంది. లింబయ్య అన్న మీద మండిపడుతున్నాడు. "ఏం పనే అన్నా ఇది! పాకం గడ్డ కడ్తది, ఎవడు గీకాలె?" అంటున్నాడు. బుట్ట దగ్గర చక్కెర ఎత్తే హన్మవ్వ, మేనేజరు వస్తున్నాడని చూసి పక్కకు తప్పుకుంది. బాపురావు నోటికి వచ్చినవన్నీ అన్నాడు. సిద్దిరాములు గారు బుట్ట పూర్తిగా ఆగాక, చక్కెరంతా తీయించి, చిన్న సుత్తె తీసుకుని బుట్ట గోడను చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ వచ్చారు.

ఖంగు, ఖంగు, ఖంగు. తరువాత ఒక్కచోట డొక్కు చప్పుడు.

అక్కడ బయట ఉన్న ఇనుప పట్టాను విప్పించారు. పట్టా కింద, పైకి కనబడకుండా, బుట్ట గోడ మీద నిలువునా వేలెడు పొడవున పగులు ఉంది. చిల్లు నుంచి చిల్లుకు పాకింది. అంచు వరకు ఇంకా రెండు సూతులే మిగిలి ఉన్నాయి. లింబయ్య వంగి, ఆ పగులును వేలితో కొలిచి చూశాడు. హన్మవ్వ మాత్రం పగులు వంక చూడలేదు. ఆరడుగుల దూరంలోని ఇనుప స్తంభం వంక చూసింది. దానికి చీరతో కట్టిన ఉయ్యాలలో ఆమె ఐదు నెలల బిడ్డ నిద్రపోతోంది.

"దినాం గీడనే గడ్తనే సిద్దిరాములన్నా" అంది హన్మవ్వ. "గాలి మంచిగొస్తదని గీడనే గడ్తనే."

ఆ గాలి బుట్ట తిరిగే గాలి. బాపురావు అప్పటిదాకా తిట్టిన తిట్లలో చివరిది ఇంకా నోట్లోనే ఉంది. అది మింగి, గదికి వెళ్లి, పోత చీటీని ముక్కలు ముక్కలుగా చించి, తలుపు వేసుకుని కూర్చున్నాడు. మర్నాడు గుమాస్తా సిద్దిరాములు గారి కాగితం తెచ్చి ఇచ్చాడు. ఆ కాగితం మొహం చూసే ధైర్యం లేక, చదవకుండానే 'చూశాను' అని సంతకం పెట్టి, రివాజు ప్రకారం నకలు యాజమాన్యానికి పంపించి, అసలును ఫైలులో పడేయించాడు. రాసిస్తే హెడ్ ఫిట్టరు పదవి రాదని తాను అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ పదవి మూడేళ్లు ఆలస్యమై, 1967లో వచ్చింది.

1964 మార్చిలోనే యాజమాన్యం నుంచి బాపురావుకు ప్రశంసాపత్రం వచ్చింది. 'సకాలంలో యంత్రాన్ని నిలిపివేయించి ప్రాణనష్టాన్ని నివారించినందుకు' అని అందులో ఉంది. మంచి పేరు ఎప్పుడూ పై వాడికే పోతుంది, అది లోకరీతి అనుకుని బాపురావు కిక్కురుమనకుండా పుచ్చుకున్నాడు. 1968లో జనరల్ మేనేజరు అయ్యాడు.

ఆ సంఘటన తరువాత మన కర్మాగారంలో దసరా ఆచారం మారింది. సిద్దిరాములు గారు స్వయంగా పాత పట్టీని కోసి, పుల్లీని ఇనుము కనబడేదాకా గీకించి, అందరి ముందూ టేపుతో కొలిచి, అంగుళాలూ చుట్లూ బిగ్గరగా చదివేవారు. ఆ తరువాతనే పసుపు కుంకుమలు. మొదటి ఏడు పూజ పట్టీ కోయడానికి జనం వెనకాడితే, "పాపం నా మీద ఉండనియ్యి, కొయ్యి" అన్నారట. 1970లో విద్యుత్ మోటార్లు వచ్చినప్పుడు ప్రతి యంత్రం పుల్లీలనూ కొత్తగా లెక్కగట్టింది వారే. 1972లో వానలు లేక చెరకు ఎండిపోయి, మనకు పని తగ్గినప్పుడు, చుట్టుపక్కల రైతుల గానుగలకూ పిండి మిల్లులకూ పుల్లీల కొలతలు పైసా పుచ్చుకోకుండా చెప్పి వచ్చారు. వారి చేతికింద తయారైన పద్నాలుగు మంది ఫిట్టర్లు నేడు జిల్లా నలుమూలలా ఉన్నారు.

ఇక మొన్న ఫైలులో చదివిన కాగితం సంగతి. నిదానమైన, గుండ్రటి అక్షరాలతో అందులో ఇలా ఉంది: 'పుల్లీ మీద పట్టీలు చుట్టింది నేనే. కొలవకుండా ఉన్నది నేనే. తప్పు నాది. ఈ సంగతి మేనేజరు సారుకు చెప్పగానే, మనుషుల పానం ముఖ్యం, చెరకు పోతే పోనీ, ముందు మిషన్ ఆపు అని సారు నాకు హుకుం ఇచ్చిండ్రు. సారు చెప్పినందుకే ఆపిన.'

పదిహేను అంగుళాల చీటీ మాట అందులో లేదు. తిట్లు లేవు. తప్పు రాసిమ్మని బెదిరించిన మాట లేదు. యాజమాన్యం ప్రశంసాపత్రం ఎక్కడినుంచి పుట్టిందో బాపురావుకు పదకొండేళ్ల తరువాత తెలిసింది. తన కింద పనిచేసే మనిషి తన పదవి పోగొట్టుకుంటూ రాసిన కాగితం మెట్టుగా, తాను పైకెక్కాడని తెలిసింది. ఆ సాయంత్రమే సిద్దిరాములు గారి ఇంటికి వెళ్లాడు.

ఈరవ్వ గారు చాయ్ ఇచ్చారు. సిద్దిరాములు గారు వరండాలో కూర్చుని ఒక కుట్టుమిషను చక్రం సరిచేస్తున్నారు. బాపురావు కాగితం ముందు పెట్టి, "ఇదేంది సిద్దిరాములన్నా? నేను ఆపమన్నానా? నన్ను కాపాడాలని ఎందుకు రాసినవ్?" అన్నాడు.

సిద్దిరాములు గారు కళ్లద్దాలు సవరించుకుని కాగితం చూసి, నవ్వారు. "మిమ్ముల కాపాడనీకి రాయలేదు సారూ. గప్పుడు మీ మీద నాకు శాన కోపముండె."

"మరి?"

"నేను ఆపిన అని రాస్తె గా ఒక్క దినమే ఆగుతుండె. రేపు ఇంకొకడు ఇంకో మిషన్ ఆపాల్నంటె మల్ల మీరు గట్లనే తిడ్దురు. మీరే ఆపమన్నరని రాస్తె, పెద్దసార్లు మిమ్ముల మెచ్చుకుంటరు. ఒక్కపారి మెచ్చుకున్నంక మీరెట్ల కాదంటరు? ఇగ ఎప్పటికైనా ఆపుతరనుకున్న. గందుకే రాసిన."

బాపురావు చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ పదకొండేళ్లనూ గుర్తు చేసుకున్నాడు. 1966లో చెరకు గానుగలో ఏదో చప్పుడు మారిందని లింబయ్య వచ్చి చెప్పినప్పుడు, కోపం ముంచుకొచ్చినా, 'ప్రాణాలు కాపాడిన మేనేజరు సారు' అని పై అధికారుల దగ్గర వచ్చిన పేరుకు కట్టుబడి ఆపించాడు. 1969లో బాయిలరును, 1971లో మళ్లీ గానుగను ఆపించాడు. మూడుసార్లూ లోపం నిజంగానే బయటపడింది. ఏళ్లు గడిచేకొద్దీ తాను మంచివాడిగా మారాననీ, తన స్వభావమే అంతేననీ అనుకుంటూ వచ్చాడు. అదంతా ఒక ఫిట్టరు ఒక కాగితంతో చేసిన అమరిక అని ఆ వరండాలో తెలిసింది.

"ఇప్పుడు నిజం రాస్తాను అన్నా. అందరి ముందు రాస్తాను" అన్నాడు చివరికి.

"రాయుండ్రి. నా తప్పు గూడ రాయుండ్రి, ఇడిసిపెట్టకుండ్రి. గది రాయకుంటె తక్కింది గూడ రాయొద్దు." మళ్లీ చక్రం వైపు తిరుగుతూ అన్నారు: "పదకొండేండ్లాయె సారూ. ఇగ మీకు అలవాటైంది. నిజం రాసినా ఏంగాదు."

కాబట్టి యాజమాన్యం వారికీ, సహోద్యోగులకూ, కళ్లారా చూసిన లింబయ్యకూ, హన్మవ్వకూ, ఆమె బిడ్డకూ ఈ వ్యాసం ద్వారా తెలియజేయునది: 1964 జనవరి 23న ఆ యంత్రాన్ని ఆపమన్నది నేను కాదు. ఆపవద్దన్నది నేను. కొత్తదానిని కూడా అంతే వేగంగా తిప్పమని చీటీ రాసింది నేను. ఆపింది సిద్దిరాములు గారు.

శ్రీ సిద్దిరాములు గారు, శ్రీమతి ఈరవ్వ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కంటి చూపూ చేతి బలమూ తగ్గకుండా, నిండు నూరేళ్లు సుఖంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. సోమవారం నుంచి వారు పనికి రారు. ఆ రోజు ఎవరైనా నా గది తలుపు తట్టి 'మిషన్ ఆపుండ్రి' అంటే, నాకు అలవాటైందని వారు అన్న మాట నిజమని నిరూపించే బుద్ధి నాకు ఉండాలని కూడా కోరుకుంటున్నాను.

బాపురావు,
జనరల్ మేనేజరు